ష్వయ్య ష్వయ్య

నేను కువైట్ కి వచ్చి ఆరేండ్లు దాటింది. ఖాదిం వీసా మీద ఇంటిపనికి వచ్చినా. మాది కడప దగ్గర చెన్నూరు పక్కన పల్లె, మా తట్టు ఏ వీధి చూసినా ఇంటికొకరు కువైట్ లోనే ఉంటారు కాబట్టి ఎందుకు పోయినావు అని ఎవరూ అడగరు, ఎంత పంపిస్తాండావు అనే అడుగుతారు. నేను వచ్చింది మా చిన్నోడి కోసం.

వాడు 2016లో ఏడో నెల్లోనే పుట్టినాడు. కేజీ మూడొందల గ్రాములు, నెల దినాలు బాక్సులో పెట్టినారు. ఏడాదిన్నర వచ్చినా కూర్చోలేదు, ఎత్తుకుంటే కాళ్ళు రెండూ కత్తెర మాదిరి ఒకదాని మీద ఒకటి పడేవి, నిలబెడితే మడమ నేలకు ఆనకుండా వేళ్ళ మీదే నిలిచేవాడు. ఊర్లో ఒకరు పోలియో అన్నారు, ఒకరు వాతం అన్నారు, మా అమ్మ దేవుని కడపలో మొక్కుకుంది, పెద్ద దర్గాకి కూడా తీసుకపోయింది. కడపలో పిల్లల డాక్టరు చూసి సెరిబ్రల్ పాల్సీ అన్నాడు. కాళ్ళలో జబ్బేమీ లేదమ్మా, మెదడులో కాళ్ళని ఆడించే చోట దెబ్బ తగిలింది, ఆ దెబ్బ ఇంక పెరగదు గానీ పోయేదీ కాదు, మెదడు చెప్పే మాట కండకి సరిగ్గా అందక కండ ఎప్పుడూ బిగుసుకునే ఉంటాది అని చెప్పినాడు. నాకప్పుడు ఒక్క ముక్క ఎక్కలేదు. అది అర్థమైంది ఈడికొచ్చి వేరేవాళ్ళ బిడ్డ చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాకే. (మావోడి నాయన సంగతి ఈడ వద్దు, ఆయప్ప లేడు అంతే.)

ఈ ఇంట్లో పాపకి నేను వచ్చినప్పుడు ఐదేండ్లు. అదే జబ్బు, ఎడమ చెయ్యి ఎడమ కాలు. నా బిడ్డకీ ఇట్లే ఉందని ఏజెంటు చెప్తే మామా (ఇంటి యజమానురాలిని ఈడ అట్లే పిలుస్తాం) అయితే ఆమెనే పంపించు అనిందంట. మొదటి వారం పాపకి గౌను తొడగాలని చెయ్యి పట్టుకుని గబుక్కున చాపబోయినా, చెయ్యి ఇంకా గట్టిగా ముడుచుకుంది, పాప ఏడిచింది, నాకు చేతులు వణికినాయి. వారానికి మూడు దినాలు జాబ్రియాలో ఫిజియో దగ్గరికి తీసుకపోయేవాళ్ళం, ఆమె మస్రీ ఆమె, ఈజిప్టు. నా చెయ్యి పట్టుకుని చూపించింది, ష్వయ్య ష్వయ్య అని, అంటే మెల్లగా మెల్లగా. ఈ బిగువుకి ఆ గుణం ఉండాదంట, ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా ఎదురు తిరుగుతాది, మెల్లగా పోయి బిగుసుకున్న కాడ ఆగి, అట్లే పట్టుకుని ఉంటే కాసేపటికి దానంతట అదే వదులుతాది. ఇంటి దగ్గర మూడేండ్లు మావోడి కాళ్ళకి నూనె రాసి నేను గబగబా లాగింది గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆడనే మొదటిసారి కండని లేపేదానికి కరెంటు పెట్టడం చూసినా. మన దగ్గర కరెంటు అంటే భయపడతారు, షాకు అనుకుంటారు. అది చిన్న సెల్లు మిషను, ఫోన్ కన్నా కొంచెం లావు, రెండు వైర్లు, చివర జిగురు ప్యాడ్లు. 2020 మే నెలలో కువైట్ అంతా పూర్తి కర్ఫ్యూ పెట్టినప్పుడు క్లినిక్ మూసేసినారు, మామా ఒక మిషను ఇంటికే తెప్పించింది, ఫిజియో ఆమె వీడియోలో చెప్తా ఉంటే రోజూ నేనే పెట్టినా. ముంజేతి పైపక్క ఒక ప్యాడ్ మోచేతి కింద, ఇంకోటి కొంచెం దిగువకి. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో పాయింటు పెంచాల, మొదట చీమలు పాకినట్టు ఉంటాదంట, ఇంకా పెంచితే కండ తనే లేస్తాది. పది సెకన్లు వస్తాది, ఇరవై సెకన్లు ఆగుతాది, మొత్తం ఇరవై నిమిషాలు.

మొదటి రోజు చూసింది ఇప్పటికీ కండ్ల ముందరే ఉండాది. పాప బొటనవేలు ఎప్పుడూ పిడికిలి లోపలే ఉండేది. కరెంటు వచ్చినాక మణికట్టు మెల్లగా పైకి లేచింది, ఒక్కో వేలు విడింది, ఆఖరికి బొటనవేలు బయటికొచ్చింది. అరచేతిలో చర్మం నానిపోయి తెల్లగా ఉండాది, గోరు గుర్తు లోతుగా పడింది. తడిగుడ్డతో తుడిచినా. పది సెకన్లు కాంగానే మళ్ళీ మూసుకుంది.

ఊరికే పెట్టి టీవీ చూపించొద్దు అని ఫిజియో ఆమె పదే పదే చెప్పేది. కరెంటు వచ్చినప్పుడే పాప కూడా తెరవాలని చూడాల, చేతిలోకి ఖర్జూరం ఇయ్యి, తీసుకోమను, మళ్ళీ వదిలిపెట్టమను అనేది. లేకుంటే కండ ఆడుతాది గానీ మెదడు నేర్చుకోదు. ఆ తర్వాత అరగంట చెయ్యి మెత్తగా ఉంటాది, సాగదీసే పని, స్ప్లింటు (చెయ్యి ముడుచుకోకుండా పట్టి ఉంచే పట్టీ) కట్టే పని అప్పుడే చేయాల. ఆ అరగంటని పోగొట్టుకుంటే మిషను పెట్టి లాభం లేదు.

ఇదంతా చూసి నేను ఆగలేక మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పినా, వాడు ఆన్ లైన్ లో ఒకటి కొన్నాడు, నరాల బిగువు పూర్తిగా పోతాది అని రాసినారంట. అది నొప్పులకి పెట్టే రకం, కండని లేపేది కాదు. మావాళ్ళు దాన్ని గట్టిగా ఉన్న పిక్క మీదనే అంటించి ఎక్కువ పెట్టేసినారు. పాదం టకటకా కొట్టుకోవడం మొదలైంది, వాడు అవ్వా అవ్వా అని అరిచినాడు, మా అమ్మ వైర్లు పీకి పారేసింది. తప్పు నాది. మావోడికి మూడేండ్లప్పుడు ఫిట్స్ వచ్చినాయి, ఫిట్స్ ఉన్న పిల్లోళ్ళకి డాక్టరుని అడక్కుండా కరెంటు పెట్టకూడదు అని నాకు అప్పటికి తెలీదు. దయచేసి ఎవురూ అట్ల చేయొద్దండి.

2022లో సెలవు మీద పోయినప్పుడు కడపలో ఒక ఫిజియో మేడం దగ్గరికి తీసుకపోయినా, ముందు ఫిట్స్ డాక్టరు సరే అన్నాక. ఆమె పిక్కని ముట్టుకోలేదు, మోకాలి కింద ముందుపక్క, ఎముక పక్కన పెట్టింది. ముందు కండ లేస్తే వెనక పిక్క కొంచెం వదులుతాది, ఒంట్లో పద్ధతే అట్ల ఉండాది అని చెప్పింది. పాదం పైకి లేచింది, బొటనవేలు మావోడి ముక్కు తట్టు చూసింది. వాడు నవ్వినాడు.

ఇప్పుడు మా అమ్మే పెడతాది. ఈడ ఏసీ గదిలో ప్యాడ్ అతుక్కుంటే వదలదు, కడప ఎండాకాలంలో చెమటకి జారిపోతాది, అందుకని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి అంటిస్తాది. జిగురు తగ్గితే ఒక్క చుక్క నీళ్ళు రాసి మళ్ళీ ప్లాస్టిక్ మీద పెడతాది. చర్మం ఎర్రగా ఉంటే అది తగ్గేదాక ఆ దినం పెట్టదు. చదువు లేదు మా అమ్మకి. మండలంలో ఇట్లాంటి పిల్లోళ్ళ కోసం ఉండే భవిత సెంటరుకి ఫిజియో వచ్చే రోజు తమ్ముడు బండి మీద దింపుతాడు. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ తీసుకున్నాం, పింఛను మూడు వేలు వచ్చేది 2024 జూలై నుంచి ఆరు వేలు అయింది, అది ఆటోలకి, బూట్లకి సరిపోతాది, మిగతాది నా దినార్లు.

రాత్రి నిద్రలో సన్నగా కరెంటు పెడితే చాలంట కదా అని మామా ఒకసారి అడిగింది. మస్రీ ఆమె చెప్పింది, కెనడాలో పేప్ అనే డాక్టరమ్మ ఆ పద్ధతి తెచ్చింది, శానా మంది తల్లులు ఆశ పెట్టుకున్నారు, తర్వాత నార్వేలో, డెన్మార్క్ లో పరీక్ష పెట్టి చూస్తే పెద్ద తేడా కనపడలేదంట. కండని లేపే కరెంటు కూడా వ్యాయామంతో కలిస్తేనే అంతో ఇంతో పనికొస్తాది, జబ్బుని తీసేయదు. నాకు ఆ మాట కష్టమే అనిపించింది గానీ ఆమె మీద నమ్మకం పెరిగింది. బిగువు మొత్తం పోతాది అని డబ్బు అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతాది, మావాళ్ళు గొలుసు తాకట్టు పెట్టయినా ఇస్తారు అని వాళ్ళకి తెలుసు.

పిల్లోడు ఎదిగేకొద్దీ ఎముక ఎదిగినంత తొందరగా కండ సాగదు. పోయిన ఏడాది ఒక్కసారిగా పొడుగైనాడు, మడమ మళ్ళీ లేచింది. పిక్కలో కండని వదులు చేసే బోటాక్స్ సూది వేయించినాం, దాని బలం మూడు నెలలు ఉంటాది, ఆ మూడు నెలలు మా అమ్మ రోజుకి రెండు పూటలు సాగదీసింది. తుంటి ఎక్స్ రే కూడా తీయిస్తా ఉండాల అన్నారు, కాళ్ళు లోపలికి లాగి లాగి తుంటి జారుతాదంట.

మొన్న శుక్రవారం నాకు ఐదున్నర, ఆడ రాత్రి ఎనిమిది, వీడియో చేసినారు. మిషను ఆగింది. వాడు నేనే చేస్తా, నువ్వు లెక్కపెట్టు మా అన్నాడు. మా అమ్మ ప్యాడ్లు తీసేసింది. కాసేపు ఏమీ కదల్లేదు, మోకాలు వణికింది, తర్వాత చిటికెన వేలు, దాని పక్క వేలు, తర్వాత పాదం ఇంత, బియ్యపు గింజంత, పైకొచ్చింది. నేను నాలుగు దాకా లెక్కపెట్టినా. పడిపోయింది. ఇంకోసారి అన్నాడు.

మా అమ్మ ఫోన్ లాక్కుని ప్యాడ్లు అయిపోతాండాయి, రెండు ప్యాకెట్లు పంపియ్యమనింది. మా ఊరి ఆయప్ప వచ్చే బుధవారం చెన్నై ఫ్లైట్ కి పోతాండాడు, ఆయన సంచిలో పెట్టినా.