ఫోన్‌లో విన్న వణుకు

షార్జాలో మధ్యాహ్నం పన్నెండున్నర అంటే వరంగల్‌లో రెండు గంటలు. నేను అన్నం డబ్బా తెరిచే వేళకే మా బావ వీడియో కాల్ చేస్తాడు. ఆ రోజు మనిషి ముఖం కనబడలేదు, తెరిచిన బానెట్ కనబడింది.

"బామ్మర్దీ, బండి మొత్తం వణుకుతుంది. ఇంజన్ దించాలంటున్నరు."

కారు 2008ది, పెట్రోల్, మూడో చేతికొచ్చిన బండి. పరకాల నుంచి హన్మకొండకు రోజూ తిరుగుతుంది. ఇంజన్ దించడమంటే నేను ఇక్కడి నుంచి పంపే రెండు నెలల పైసలు.

నేను 2014లో హెల్పర్ వీసా మీద వచ్చాను. ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ. ఎండలో పనిచేసేవాళ్లకు ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలని చట్టం ఉంది. మేం రేకుల షెడ్డు కింద ఉంటాం, మాకది వర్తించదు. రేకుల వేడి ఎండ కంటే తక్కువేం కాదు. ఆ వేడికి మనిషి సంగతి ఎట్లున్నా, బండిలో రబ్బరు ముందు చస్తుంది.

ఆ సంగతి తెలియక మొదటి ఏడాదే తిట్లు తిన్నాను. వణుకుతున్న బండికి పెట్రోల్‌ను మండించే నాలుగు ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే నాలుగు కాయిల్స్ మార్చాను. వణుకు అట్లే ఉంది. మా మలయాళీ ఫోర్‌మన్ ఏమీ అనకుండా ఆయిల్ సంపు కింద చెక్క ముక్క పెట్టి, జాకీతో ఇంజన్‌ను కొద్దిగా లేపాడు. స్టీరింగ్ నిమ్మళించింది. ఇంజన్ బరువు మోయాల్సిన మౌంటింగ్ రబ్బరు చితికిపోయి, ఇనుముకు ఇనుము తగులుతోంది. తిట్లు ఆ తర్వాత మొదలయ్యాయి, హిందీలో.

"ముందు ఇది చెప్పు బావా. నిలబడ్డప్పుడు వణుకుతుందా, ఉరికేటప్పుడా?"

"నిలబడ్డప్పుడే. ఎనభైలో పోతే ఏం లేదు. సిగ్నల్ కాడ ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ."

దాంతో టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్ పక్కకు పోయాయి. పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు. అలాంటప్పుడు ఇంజన్ ఎందుకు దించాలో నాకు అర్థం కాలేదు.

ఫోన్‌ను సైలెన్సర్ దగ్గరికి తీసుకుపొమ్మని, ఇయర్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. ఒక సిలిండర్ సరిగా మండకపోతే, డప్పు కొట్టేవాడు నాలుగు దెబ్బల్లో ఒకటి ఎగ్గొట్టినట్టు ఉంటుంది. ఇది ఒకే తీరుగా వస్తోంది. అంటే మిస్సింగ్ కాదు.

ఇక మిగిలింది మౌంటింగ్. అక్కను పక్కన నిలబడి ఇంజన్ వైపు ఫోన్ పట్టమన్నాను, బండి ముందుకు ఎవరూ పోవద్దని రెండుసార్లు చెప్పాను. బావ హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి పట్టి, ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ను కొంచెం కొంచెంగా వదిలాడు. ఇంజన్ ఒక పక్కకు రెండు వేళ్ల ఎత్తు లేచింది. రివర్స్ వేయగానే దబ్బున కూర్చుంది.

"ఓ అమ్మో, ఇది ఊడొస్తదారా?" అంది అక్క.

"ఊడదు. ములుగు రోడ్డు ఆటోనగర్‌కు పోయి మౌంటింగ్ రబ్బర్లు మార్పించండి. ఒక్కటే కాదు, చితికినవన్నీ. ఒకటి కొత్తదేసి పక్కది పాతదుంచితే కొత్తదాని మీదే బరువు పడుతుంది. పనిలో పని, ఇంజన్‌లోకి గాలి పోయే థ్రాటిల్ బాడీ కూడా కడిగించండి."

అన్నం చల్లారిపోయింది. చేతికి గ్రీజు లేకుండా నేను చేసిన మొదటి రిపేరు అదే.

మూడో రోజు బావ వీడియో పంపాడు. ఇంజన్ నడుస్తోంది, బానెట్ మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు. నీళ్లు కదలడం లేదు. ఏసీ వేయగానే సన్నగా అల పుట్టింది. పాత బండికి ఆ మాత్రం ఉంటుంది. ఇంతలో ఒక చెయ్యి వచ్చి గ్లాసు ఎత్తుకుపోయింది. అక్క గొంతు వినబడింది: "నా గ్లాసు మీకు బండి మీదికే దొరికిందా?"