స్పోర్ట్స్ కోటాలో బలగంలోకి: కాగితాలు, కొలతలు, ట్రయల్స్ (నా అనుభవం)

బాక్సర్ నిఖత్ జరీన్‌కి తెలంగాణలో డీఎస్పీ పోస్టు ఇచ్చారని, ఇంకో బాక్సర్ లవ్లీనా బోర్గొహైన్ అసోంలో డీఎస్పీ అయిందని, టోక్యో ఒలింపిక్స్‌లో వెండి గెలిచాక వెయిట్ లిఫ్టర్ మీరాబాయి చానుని మణిపూర్ పోలీసు శాఖలో అదనపు ఎస్పీగా తీసుకున్నారని పేపర్లో చదివి చాలామంది, మా చుట్టాలతో సహా, ఆటలో పైకొస్తే పోలీసు ఉద్యోగం దానంతట అదే నడుచుకుంటూ ఇంటికొస్తుందనుకుంటారు. ఒలింపిక్ పతకమో ప్రపంచ చాంపియన్ టైటిలో ఉంటే ప్రభుత్వమే పిలిచి ఇస్తుంది, కాదనను. మాలాంటి వాళ్ల దారి వేరు. కానిస్టేబుల్ జనరల్ డ్యూటీ (జీడీ), స్పోర్ట్స్ కోటా. నోటిఫికేషన్ పడాలి, ఫారాలు నింపాలి, ఎత్తు కొలవాలి, ట్రయల్స్, మెడికల్. నేను ఆ దారినే వచ్చాను కాబట్టి దాని సంగతే రాస్తున్నా.

నాది వెయిట్ లిఫ్టింగ్. ఉత్తరాంధ్ర. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చేనాటికి నేనింకా పుట్టనేలేదు, కానీ ఆవిడది శ్రీకాకుళం జిల్లా కాబట్టి మా వైపు ఊళ్లలో ఆ కథ చెప్పే ఆడపిల్లల్ని జిమ్‌కి పంపేవాళ్లు. నన్నూ అలాగే పంపారు. నేను చేరిన బలగం పేరు మాత్రం రాయను, లోపలికొచ్చాక సోషల్ మీడియా రూల్స్ గట్టిగా ఉంటాయి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ, ఈ కేంద్ర పోలీసు బలగాలు వేటికవే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు వేస్తాయి, పద్ధతి కాస్త అటూ ఇటూగా ఒకటే.

అసలు ఎందుకు వెళ్లానంటే, డిగ్రీ అయిపోయాక హాస్టల్ ఉండదు, యూనివర్సిటీ జట్టు ఉండదు, గుడ్లకీ పాలకీ ప్రొటీన్ డబ్బాకీ ఇంట్లో అడగాలి, అడిగినప్పుడల్లా పెళ్లి మాట వస్తుంది. మా కోచ్ సార్ మాట తిన్నగా ఉంటుంది. "ఉద్యోగం లేదంటే రెండేళ్లలో ఈ బార్ మీద మీ అమ్మ బట్టలారేస్తాది, రాసుకో" అన్నారు. రైల్వే, సర్వీసెస్ (సైన్యం), పోలీస్, ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట పడితే తప్ప వెయిట్ లిఫ్టింగ్‌లో పాతికేళ్లు దాటి ఆడటం కష్టం అని ఆయన లెక్క.

పోలీసు జట్లంటే ఏదో డిపార్ట్‌మెంట్ టైంపాస్ అనుకునేదాన్ని అంతకుముందు. కాదట. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, అప్పట్లో పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ అయిన రోవర్స్ కప్ గెలిచింది, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింట్లోనూ ఆడారు. మెల్‌బోర్న్‌లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది! ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు. మా ఆటలో అయితే కుంజరాణీ దేవి. ఆవిడ సీఆర్‌పీఎఫ్ ఆఫీసర్, 2004 ఏథెన్స్‌లో 48 కిలోల విభాగంలో నాలుగో స్థానం. ఒక్క మెట్టు పైన ఉంటే పతకమే. ఇటలీలోనూ ఇంతేనట, టోక్యోలో వంద మీటర్లు గెలిచిన మార్సెల్ జాకబ్స్ అక్కడి పోలీసు క్లబ్ ఫియామ్మె ఓరో వాడే. జీతం పోలీసుది, పని ఆట.

సరే, నోటిఫికేషన్. పదో తరగతి పాసైతే చాలు, వయసు 18 నుంచి 23, ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు, జీతం లెవెల్ 3, అంటే 21,700 బేసిక్. ఆడవాళ్లకి ఫీజు లేదు. మాకు రాత పరీక్ష లేదు, పరుగు లేదు. ఇది విని అందరూ ఎగిరి గంతేస్తారు. కానీ పక్కనే ఒక లైను ఉంటుంది, చివరి తేదీకి ముందు రెండేళ్లలో వచ్చిన పతకాలే లెక్కలోకి వస్తాయని. జూనియర్‌లో ఎప్పుడో గెలిచిన బంగారాలు ఫైలు బరువుకి తప్ప దేనికీ పనికిరావు. ఇంట్లో షోకేసు నిండా ఉన్న మెడల్స్‌లో నాకు పనికొచ్చింది ఇంటర్ యూనివర్సిటీ పతకం ఒక్కటే.

ఇక ఫారం. టోర్నమెంట్‌లో చేతికిచ్చే సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు, అది ముందు బుర్రకెక్కించుకోండి. కేంద్ర ప్రభుత్వానికి వేరే నమూనాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, దాని మీద జాతీయ ఫెడరేషన్ సెక్రటరీ సంతకం. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం సెక్రటరీ. యూనివర్సిటీ తరఫున అయితే ఫారం 3, స్పోర్ట్స్ డీనో డైరెక్టరో. స్కూల్ నేషనల్స్‌కి ఫారం 4, విద్యాశాఖ. ఏ ఆట, ఏ తేదీ, ఎక్కడ, ఏ స్థానం, అన్నీ అందులో రాసి సంతకం, స్టాంపు ఉండాలి.

నాకు కావాల్సింది ఫారం 3. మా యూనివర్సిటీలో అప్పుడు డైరెక్టర్ సీటు ఖాళీ. వేరే డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకాయన ఇన్‌చార్జి. ఆయన మంచివాడే, కానీ "నేను ఇన్‌చార్జిని కదమ్మా, నా సంతకం ఢిల్లీలో చెల్లకపోతే రేపు నన్నంటావు" అని పెన్ను మూత తియ్యడు. క్లర్కేమో "సార్ పెట్టమంటే నేను స్టాంపేస్తాను, స్టాంపు నా దగ్గరే ఉంది" అని డ్రాయరు తెరిచి చూపిస్తాడు. స్టాంపు కనిపిస్తోంది, ఇంకు ప్యాడ్ కనిపిస్తోంది, ఫారం నా చేతిలో ఉంది, చివరి తేదీ దగ్గరికొచ్చేస్తోంది. నాన్న వచ్చి బతిమాలినా అదే మాట. చివరికి దారి చూపించింది పరీక్షల విభాగంలో పనిచేసే ఒక మేడం. ఆయన్ని ఇన్‌చార్జిగా వేస్తూ రిజిస్ట్రార్ ఇచ్చిన ప్రొసీడింగ్స్ కాపీ ఉంటుంది కదా, దాన్ని అటెస్ట్ చేయించి ఫారంకి జత చెయ్యమంది. ఆ కాపీ ముందు పెట్టేసరికి ఆయన భయం పోయింది, సంతకం అయింది. మీ దగ్గరా ఇన్‌చార్జిలే ఉంటే ముందే ఆ కాగితం సంపాదించండి, తర్వాత బలగం వాళ్లు సర్టిఫికెట్ నిజమా కాదా అని యూనివర్సిటీకి ఉత్తరం రాస్తారు, అప్పుడూ అదే కాపాడుతుంది.

కుల ధ్రువీకరణ గురించి ఒక్క మాట: ఓబీసీ వాళ్లకి రాష్ట్రం నమూనా చెల్లదు, నాన్ క్రీమీలేయర్‌తో కేంద్ర నమూనాలోనే ఉండాలి. ట్రయల్స్ దాకా వచ్చి దీనికోసం జనరల్‌లోకి మారిన వాళ్లని చూశాను.

తర్వాత ఎత్తు. లిఫ్టర్లకి ఇదే పెద్ద టెన్షన్, ఎందుకంటే మా ఆటకి పొట్టిగా ఉండటమే లాభం, పోలీసుకేమో పొడుగు కావాలి. కానిస్టేబుల్ జీడీకి ఆడవాళ్లకి మామూలుగా 157 సెంటీమీటర్లు, ఎస్టీలకి 150. కొండ ప్రాంతాల వాళ్లకి, ఈశాన్య రాష్ట్రాల వాళ్లకి వేరే సడలింపు. నేను పొద్దున లేవగానే 158, సాయంత్రం స్క్వాట్స్ చేశాక 157కి ఒక గీత కింద. ఇది అబద్ధం కాదు, రోజంతా నిలబడితే వెన్నెముక మధ్య డిస్కులు నొక్కుకుని మనిషి సెంటీమీటరు దాకా తగ్గుతాడు, బరువులు మోసేవాళ్లకి ఇంకాస్త తొందరగా. అందుకే కోచ్ సార్ కొలతలకి ముందు స్క్వాట్స్ ఆపించేశారు. తీరా అక్కడికెళ్తే తెల్లవారుజామున గేటు దగ్గర నిలబెట్టి నా నంబరు మధ్యాహ్నం దాటాక పిలిచారు. నేను లైన్లో నా వెనకమ్మాయికి చెప్పి, వేపచెట్టు కింద బ్యాగు తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాను. అందరూ చూస్తున్నారు. కాసేపటికి ఒక హర్యానా అమ్మాయి వచ్చి "దీదీ, తబియత్ ఖరాబ్ హై క్యా" అనడిగింది, విషయం చెప్తే నవ్వి తనూ పక్కన పడుకుంది. తనూ లిఫ్టరే.

కొలిచే చోట ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్, వెనక చెక్క బోర్డు. మడమలు బోర్డుకి ఆనాలి, చేతులు జార్చాలి, గడ్డం కొంచెం కిందికి. జుట్టు ముడి ఉంటే విప్పిస్తారు. పైనుంచి పలక జారి నెత్తికి తగిలింది, ఆవిడ ఒక్క క్షణం ఆగి, పలకని వేలితో మళ్లీ నొక్కి, "ఏక్ సౌ సత్తావన్ పాయింట్ పాంచ్" అంది, అంటే 157.5. నాకు హిందీ అంకెలు సగమే వచ్చు. 57 అంటే సత్తావన్ అని ఆ వారం అంతా బట్టీపట్టి ఉన్నాను కాబట్టి బతికిపోయాను.

ట్రయల్స్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అది మన ఆటే కదా. వెయ్ ఇన్ (ముందు మన బరువు చూడటం), స్నాచ్ (బార్‌ని ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం), క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్ణుంచి తల మీదికి), ఆడవాళ్లకి 15 కిలోల బార్, అంతా పోటీలో ఉన్నట్టే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇక్కడ రికార్డులు కొట్టాల్సిన పని లేదు. మొదటి ప్రయత్నం నిద్రలో లేపినా ఎత్తగలిగే బరువు పెట్టండి. స్నాచ్ మూడూ పోతే టోటల్ సున్నా, అక్కడితో ఇంటికే. నా ముందు నాకంటే పెద్ద పతకం ఉన్న అమ్మాయి టేబుల్ వెనక కూర్చున్న ఆఫీసర్లని మెప్పించాలని ఎక్కువ బరువుతో మొదలుపెట్టి మూడుసార్లూ వెనక్కి వదిలేసింది. ఆ పిల్ల చాక్ చేతులతోనే కళ్లు తుడుచుకుంటుంటే ముఖమంతా తెల్లగా అయిపోయింది. ఇంకోటి, డోపింగ్. మన దేశంలో వెయిట్ లిఫ్టింగ్‌కి ఉన్న పేరు తెలిసిందే, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి వేసుకుని నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లకి దొరికితే ఆటా పోతుంది, ఈ దారీ మూసుకుపోతుంది.

మెడికల్‌లో నన్ను అన్‌ఫిట్ అన్నారు. నిజంగా. చేతులు చాపి అరచేతులు ముందుకి పెట్టమన్నారు, మోచేతి దగ్గర వంపు ఎక్కువగా ఉందని డాక్టరు కంటితోనే చూసి రాసేశారు. చెయ్యి చాపినప్పుడు ముంజెయ్యి పక్కకి తిరిగే కోణం అది, క్యారీయింగ్ యాంగిల్ అంటారు దాన్ని. బయటికొచ్చి ఏడ్చాను. ఒక సీనియర్ అక్క ఫోన్లో తిట్టింది, "ఏడవడం తర్వాత, ముందు స్లిప్ మీద కారణం రాయించుకో, రివ్యూ అడుగు" అని. అన్‌ఫిట్ అంటే కారణం రాతపూర్వకంగా ఇస్తారు, గడువు లోపల రివ్యూ మెడికల్ అడిగే హక్కు మనకి ఉంటుంది. రివ్యూలో వేరే డాక్టర్లు కూర్చుంటారు. వాళ్లు కోణం కొలిచే పరికరం మోచేతికి ఆనించి రెండు చేతులూ కొలిచారు, పరిమితి లోపలే ఉంది. ఫిట్. కంటితో చూసి ఒకరి బతుకు తేల్చేయడం ఏమిటో నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత నెలల తరబడి ఎదురుచూపు, మధ్యలో మా స్టేషన్ నుంచి వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ గారు మా ఇంట్లో టీ తాగి "మా డిపార్ట్‌మెంటేనా అయితే" అని నవ్వి వెళ్లారు.

జాయినైతే నేరుగా జిమ్‌కి పంపుతారనుకోకండి. బేసిక్ ట్రైనింగ్ అందరికీ ఉంటుంది. పీటీ, డ్రిల్, ఫైరింగ్, చట్టాలు. ఇన్సాస్ రైఫిల్ నాలుగు కిలోల పైచిలుకు. తల మీదికి దానికి ఇరవై రెట్లు ఎత్తినదాన్ని, ఆ నాలుగు కిలోలు పట్టుకుని ఎండలో కదలకుండా నిలబడేసరికి భుజం వణికిపోయింది, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌కి భలే సరదాగా ఉండేది: "క్యా పహిల్వాన్, థక్ గయీ?" (ఏం పహిల్వాన్, అలసిపోయావా?) పరుగు వల్ల బరువు తగ్గాను, స్నాచ్ పడిపోయింది, తిరిగి పాత అంకెకి రావడానికి చాలా కాలం పట్టింది. దీనికి ముందే సిద్ధపడి ఉండాలి.

ఇప్పుడు జట్టులో ఉన్నాను. పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు, క్యాంపు ఉంటే డ్యూటీ ఉండదు, ఎన్నికలప్పుడో బందోబస్తు అవసరం పడినప్పుడో పిలిస్తే యూనిఫాం వేసుకోవాలి. ఆల్ ఇండియా పోలీస్ పోటీల్లో పతకం తేవాలి, తెస్తేనే జట్టులో చోటు, పైస్థాయిలో గెలిస్తే వరస దాటి ప్రమోషన్. తేకపోతే మామూలు బెటాలియన్‌కి పంపుతారు, అందులో దాపరికం ఏమీ లేదు. ఒలింపిక్స్ అంటారా, మీరాబాయి 49 కిలోల విభాగంలో టోక్యోలో 202 ఎత్తింది. నా కేటగిరీ అంతకంటే పెద్దది, నా టోటల్ అంతకంటే చిన్నది. లెక్క నాకు తెలుసు. కానీ జీతం వస్తోంది, ఫిజియో ఉన్నాడు, పెళ్లి మాట కూడా కాస్త వెనక్కి తగ్గింది.

ప్రస్తుతం గొడవ వేరే. 2025లో అంతర్జాతీయ సమాఖ్య బరువు కేటగిరీలు మార్చేసింది, నా 59 కిలోల విభాగం పోయి 58, 63 వచ్చాయి. కోచ్ ఒక కిలో తగ్గి 58లో ఉండమంటారు, నేను 63కి పోతానంటాను, మెస్‌లో నా ప్లేటు చూసినప్పుడల్లా ఆయనకి కోపం వస్తోంది. వచ్చే పోలీసు పోటీల ఎంట్రీలు పంపేలోపు తేల్చుకోవాలి.