ఇంటి జనరేటర్: చేంజోవర్ స్విచ్ దాకా వచ్చింది

ఈ విడతలో ముఖ్యమైన పని ముగిసింది. జనరేటర్ ఇప్పుడు ఇంటి వైరింగ్‌కు సవ్యంగా కలిసింది. సిమెంటు దిమ్మె పోయడం, కేబుల్ కోసం గోతి తీసి పైపు పరచడం నేనే చేశాను, ఇష్టంగా చేశాను. మెయిన్ బోర్డు ముట్టుకునే పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే అని మొదటే నిర్ణయించుకున్నాను.

మనిషిని ఎంచుకోవడానికే చాలా ఆలోచించాను. మాట్లాడిన వారిలో ఒకరు, రెండు చివరలా ప్లగ్గు ఉన్న వైరుతో జనరేటర్‌ను ఇంటి సాకెట్‌లోకి కలిపి, మెయిన్ ఆపేస్తే చాలన్నారు. అక్కడే వద్దన్నాను. వీధి ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. మెయిన్ ఆపడం ఒక్కసారి మరిచిపోతే మన 230 వోల్టులు వెనక్కి వెళ్లి, అవతలి వైపు వేల వోల్టులై తేలతాయి. సరఫరా లేదనుకుని తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. మన ఇంట్లోనూ, ఊడిన ప్లగ్గు పిన్నుల్లో కరెంటు బయటికే ఉంటుంది. ఒకరి జ్ఞాపకశక్తి మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడకూడదు. వీధి సరఫరా, జనరేటర్ సరఫరా రెండూ ఒకేసారి కలవడానికి వీలులేని చేంజోవర్ స్విచ్ ఉండి తీరాలి.

చివరికి ఎంచుకున్న ఆయన యంత్రం కొనకముందే వచ్చారు. వస్తూనే మెయిన్ బోర్డు మూత తీయించి చూశారు, ఎర్తింగ్ నిరోధం కొలిచారు, తర్వాతే ‘కరెంటు పోతే ఏవేవి నడవాలి?’ అని అడిగారు. ఆ వరుస చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

లోడు లెక్క ఇది: లైట్లు, ఫ్యాన్లు కలిపి 400 వాట్లు, ఫ్రిజ్ 200, ఒక హార్స్‌పవర్ నీటి మోటారు సుమారు 1,100. మొత్తం 1,700 వాట్లు. అంకె చూస్తే చిన్న యంత్రం సరిపోయేలా ఉంది కానీ, మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే 5 కేవీఏ సామర్థ్యం ఉన్న జనరేటర్ తీసుకున్నాము. 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా వాట్లుగా అందే వంతు) దగ్గర అది 4 కిలోవాట్లు. గీజరు, ఏసీ దీని మీద నడపకూడదని ఒప్పుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. కాబట్టి తప్పనిసరి సర్క్యూట్లను వేరే చిన్న బోర్డులోకి మార్చారు.

ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. ఫేజు (కరెంటు వచ్చే) తీగలు వేరు చేయడం తేలిక. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే) తీగలన్నీ పాత బోర్డులో ఒకే పట్టీ మీద ఉన్నాయి. ఏ న్యూట్రల్ ఏ సర్క్యూట్‌దో ఒక్కొక్కటే మీటరుతో పరీక్షించి, చీటీ కట్టి, కొత్త బోర్డుకు తెచ్చారు. చేంజోవర్ రెండు పోల్స్‌ది, 32 ఆంపియర్లది. ఫేజుతోపాటు న్యూట్రల్‌నూ తెంచుతుంది. దూరాన్నీ మోటారునూ దృష్టిలో పెట్టుకుని 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వాడారు.

న్యూట్రల్ కూడా తెగినప్పుడు జనరేటర్ వైపు న్యూట్రల్‌ను ఎర్త్‌తో ఒక్కచోట కలపాలి. లేకపోతే ఎర్త్ లీకేజీ జరిగినా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే రక్షణ స్విచ్) పడదు, అంటే సరఫరా ఆగదు. దాని మీది టెస్ట్ బటన్ మాత్రం అప్పుడూ పనిచేస్తుంది, ఎందుకంటే ఆ బటన్‌కు ఎర్త్‌తో సంబంధం లేదు. బటన్ నొక్కి చూసి అంతా బాగుందనుకునేవారు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి. మా ఎలక్ట్రీషియన్ జనరేటర్ నడుస్తుండగా పరికరంతో ఫేజు నుంచి ఎర్త్‌కు లీకేజీ పంపి, ఆర్‌సీసీబీ పడే దాకా వదల్లేదు.

యంత్రం స్థానం: తలుపులకూ కిటికీలకూ 6 మీటర్లకు పైగా దూరం, పొగగొట్టం ఇంటికి ఎదురు దిశలో. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గ్యారేజీలో షట్టరు ఎత్తి నడిపినా ప్రమాదమే. పడకగది దగ్గర ఆ వాయువును పసిగట్టే అలారం కూడా బిగించాను.

పరీక్షలో మెయిన్ ఆపి, జనరేటర్ నడుపుతూ చేంజోవర్‌కు వీధి సరఫరా వచ్చే వైపు టెర్మినళ్ల వోల్టేజీని కొలిస్తే సున్నా. ఆ అంకె చూసినప్పుడు కలిగిన నిశ్చింత ఇంత పనిలో మరెక్కడా కలగలేదు. లోడు లేనప్పుడు 52 హెర్ట్జ్, లోడు పెరిగాక 50కి దగ్గరైంది. ముందు మోటారు, అది నిలకడగా తిరిగాక ఫ్రిజ్, తర్వాత మిగతావి. మోటారు మొదలైనప్పుడు లైట్లు ఒక్క క్షణం మసకబారి తేరుకున్నాయి.

పని పూర్తి చేసినట్టు ఆయన సంతకంతో కాగితం, బోర్డు మీద అంటించిన సర్క్యూట్ పటం తీసుకున్నాను. ఇక మిగిలినవి: వాన తగలకుండా, గాలి ఆడేలా పక్కలు తెరిచిన పైకప్పు; మొదటి 20 గంటలు నడిచాక ఆయిల్ మార్పు; పెట్రోలు డబ్బా పెట్టడానికి ఇంటికి దూరంగా నీడపట్టు. ఇంజిన్ చల్లారాకే పెట్రోలు పోయాలని ఇంట్లో అందరికీ చెప్పాను. చేంజోవర్ పక్కనే ఆన్ చేసే వరుస పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.