స్పానిష్‌లో ‘వెళ్ళిపోయి ఉంటాడు’: నా అనుభవం

ఫుతూరో పెర్ఫెక్తో, ఫుతూరో కొంప్వేస్తో, ఆంతేఫుతూరో. మూడూ స్పానిష్‌లో ఒకే క్రియాకాలానికి పేర్లు. మూడోది 19వ శతాబ్దంలో వ్యాకరణవేత్త ఆంద్రేస్ బేయో పెట్టింది. ఏ పేరుతో పిలిచినా తెలుగువాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. ‘రేపీపాటికి చేరి ఉంటాడు’ అన్నా, ‘ఇంకా రాలేదంటే రైలు తప్పిపోయి ఉంటుంది’ అన్నా మనం వాడేది ఒకే రూపం. స్పానిష్‌లోనూ అంతే. అందుకే ఇంగ్లీషు ‘విల్ హావ్’ని పక్కన పెట్టి, నేరుగా తెలుగు మీదుగానే దీన్ని సాధన చేశాను.

ముందు రూపాలు. ఈ కాలాన్ని కట్టే సహాయక క్రియ ‘అబేర్’ భవిష్యత్తులో మధ్యలోని ఎకారాన్ని పోగొట్టుకుంటుంది: అబ్రే, అబ్రాస్, అబ్రా, అబ్రేమోస్, అబ్రేయిస్, అబ్రాన్ (వరసగా నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు). ‘అబెరే’ అనే రూపం లేదు. అబ్రేయిస్ స్పెయిన్‌లోనే వినిపిస్తుంది, లాటిన్ అమెరికాకు మిగతా అయిదూ చాలు. అబ్రేమోస్‌కు తప్ప అన్నిటికీ రాతలో అచ్చు మీద గీత ఉండాలి. ఇది అలంకారం కాదు. ఊనిక చివరి అక్షరం మీద పడితే ‘అబ్రా’, మొదటి అక్షరం మీద పడితే ‘తెరువు’ అని మర్యాదగా చెప్పే ‘ఆబ్ర’. మొదట్లో ఉండే ‘హెచ్’ పలకదు కాబట్టి చెవికి తేడా చెప్పేది ఊనిక ఒక్కటే.

దాని పక్కన పాస్ట్ పార్టిసిపుల్, అంటే మన ‘చేసి, తిని’ లాంటి రూపం: అబ్లాదో (మాట్లాడి), కొమీదో (తిని), బిబీదో (జీవించి). దారి తప్పినవాటిని బట్టీ పట్టడమే మేలు: ఏచో, దీచో, బీస్తో, ఎస్క్రీతో, ప్వేస్తో, బ్వేల్తో, అబ్యేర్తో, రోతో, మ్వేర్తో. అబేర్ పక్కన దీని చివరి ఓకారం మారదు. ఉత్తరాలు స్త్రీలింగ బహువచనమైనా ‘అబ్రే ఎస్క్రీతో లాస్ కార్తాస్’ (ఉత్తరాలు రాసి ఉంటాను) అనే అనాలి. అదే ‘తెనేర్’ (కలిగి ఉండు) వాడితే మారి తీరుతుంది: ‘తెంద్రే ఎస్క్రీతాస్ లాస్ కార్తాస్’.

ఈ రెండు ముక్కల మధ్య ఇంకో మాట దూర్చకపోవడం మంచిది. నో (కాదు), సే, లో అనే సర్వనామాలు, యా (అప్పటికే) అన్నీ అబేర్‌కు ముందే వస్తాయి: ‘నో లో అబ్రాన్ బీస్తో’ (వాళ్ళు దాన్ని చూసి ఉండరు), ‘యా సే అబ్రా ఈదో’ (అప్పటికే వెళ్ళిపోయి ఉంటాడు).

గడువు చెప్పడం తేలిక: ‘పారా లాస్ ఓచో అబ్రే తెర్మినాదో’, ఎనిమిదింటికల్లా ముగించి ఉంటాను. చిక్కు వచ్చేది గడువు స్థానంలో ఇంకో క్రియ ఉన్నప్పుడు. ‘నువ్వు వచ్చేసరికి తినేసి ఉంటాను’ అంటే ‘పారా క్వాందో యేగెస్, యా అబ్రే కొమీదో’. ఇక్కడ మామూలు భవిష్యత్తు ‘యెగరాస్’ అంటే తప్పు. రాక ఇంకా జరగలేదు కనుక సబ్‌జంక్టివ్, అంటే ఇంకా నిజం కానిదాన్ని చెప్పే క్రియారూపం రావాలి. ‘ఒకవేళ’ అనే అర్థంలో ‘సి’ తర్వాత మాత్రం మామూలు వర్తమానమే: ‘సి సాలెస్ ఆ లాస్ సింకో’ (నువ్వు అయిదింటికి బయలుదేరితే).

నా దృష్టిలో ఈ కాలానికి అసలు చోటు ఊహ. ‘అబ్రా పెర్దీదో ఎల్ త్రెన్’ (రైలు తప్పిపోయి ఉంటుంది) అన్నప్పుడు భవిష్యత్తు ఊసే లేదు, జరిగిపోయినదాని గురించి అంచనా. ‘ఆయేర్’, అంటే నిన్న అనే మాట చేర్చినా చెల్లుతుంది. ఇప్పటి సంగతిని ఊహిస్తే సాధారణ భవిష్యత్తు చాలు: ‘ఎస్తరా ఎన్ కాసా’, ఇంట్లో ఉంటాడు. గతంలో ఒక క్షణానికి ముందే జరిగినదాన్ని ఊహిస్తే అబ్రా కాస్తా ‘అబ్రీయా’ అవుతుంది: ఫోన్ చేస్తే తీయలేదు, ‘అబ్రీయా సలీదో’, అప్పటికే బయటికి వెళ్ళి ఉంటాడు. కళ్ళారా చూసినదానికి ఇవేవీ పనికిరావు.

అనుమానపు ప్రశ్న కూడా ఇక్కడిదే. ‘నో లే అబ్రాస్ దీచో నాదా?’ అంటే ‘వాడికేమీ చెప్పలేదు కదా?’ అని, కాస్త భయంతో అడగడం. జవాబు మాత్రం అబ్రేతో రాదు. తాను చెప్పాడో లేదో తనకు తెలుసు కాబట్టి స్పెయిన్‌లో ‘నో, నో లే ఎ దీచో నాదా’ అంటారు, లాటిన్ అమెరికాలో ఎక్కువగా ‘నో లే దీహే నాదా’ అంటారు.