పట్టాభిషేకం తర్వాత కథ

ఇష్టపడి చదివిన కథ చివర్లో చెడిపోతే పిల్లలకు కలిగే బాధ నిజమైన బాధ. దాన్ని తీసిపారేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మా వాడికి 12 ఏళ్లు, పుట్టి పెరిగింది డాలస్‌లో. 1997 నుంచి 2007 దాకా వచ్చిన హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ వాడికి కంఠతా వచ్చు. పోయిన వేసవిలో బద్వేలుకు వస్తూ దారిలో చదువుకుందామని, వాటికి కొనసాగింపైన 'కర్స్‌డ్ చైల్డ్' తెచ్చుకున్నాడు. 2016లో వచ్చిన ఇది నవల కాదు, నాటకం స్క్రిప్టు. రాసింది జాక్ థార్న్, కథ అల్లినవాళ్లలో ఆ ఏడు పుస్తకాలూ రాసిన రౌలింగ్ కూడా ఉంది. మా అమ్మావాళ్ల ఇల్లు చేరేసరికి వాడి ముఖం మాడిపోయి ఉంది.

వాడన్నవన్నీ సబబే. ఏడో పుస్తకం చివర హ్యారీ రైల్వే స్టేషన్‌లో కొడుకు ఆల్బస్‌కు, మంత్రాల బడిలో చెడ్డపేరున్న స్లిథరిన్ జట్టులో పడినా ఏమీ కాదని ధైర్యం చెబుతాడు. తీరా పిల్లవాడు అందులోనే పడ్డాక, ఈ నాటకంలో తండ్రీకొడుకులకు మాట కలవదు. నువ్వు నా కొడుకువి కాకుంటే బాగుండనిపిస్తుంది అనేదాకా పోతాడు తండ్రి. "హ్యారీ అట్లా అనడమ్మా" అని వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ కథలో విలన్ వోల్డెమార్ట్‌కు కూతురుందంటే వాడు అసలు ఒప్పుకోలేదు. కాలాన్ని వెనక్కి తిప్పి, నాలుగో పుస్తకంలో చనిపోయిన సెడ్రిక్‌ను బతికించబోవడం నాకూ నచ్చలేదు. చావుకు అంత బరువిచ్చిన కథ అది. దాన్ని తిరగరాయవచ్చు అనగానే ఆ బరువు తగ్గిపోతుంది.

సాయంత్రం మిద్దె మీద మా అమ్మ విషయమంతా అడిగి తెలుసుకుంది. కిందికి పోయి తన రామాయణం తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది. పట్టాభిషేకం పేజీలు పసుపు, కుంకుమ, కర్పూరం మసి అంటి అట్టల్లా బిరుసెక్కి ఉన్నాయి. ఆ తర్వాతి కాగితాలు ఇప్పుడే అంగట్లోంచి తెచ్చినంత తెల్లగా, మడత నలగకుండా ఉన్నాయి.

"ఈడికి చదివి హారతిచ్చి మూసేస్తా నాయనా. ఆ పక్క నేను పోను" అంది.

"దీనికీ అట్లాంటి పార్ట్ ఉందా అవ్వా?" అన్నాడు వాడు, ఆశ్చర్యపోతూ.

ఉంది. ఉత్తరకాండ తర్వాతి కాలంలో వచ్చి చేరిందని పండితులు చాలామంది అంటారు. బద్వేలు పక్కనే ఉన్న గోపవరం మొల్లది అని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మొల్ల కూడా ఆరు కాండలు రాసి పట్టాభిషేకంతో ఆపింది. రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డీ అక్కడే ఆపాడు. ఉత్తరకాండ రాసింది ఆయన కొడుకులు కాచభూపతి, విఠలరాజు. ఈ మాట వినగానే వాడు లేచి కూర్చున్నాడు. "అయితే సీక్వెల్ కొడుకులు రాశారా!"

ఆదివారం క్లాసుల్లో ఏళ్ల తరబడి రామాయణం బొమ్మలకు రంగులు వేశాడు కానీ, ఒక్కసారి కూడా ఇంత ఆసక్తిగా ప్రశ్న అడగలేదు. వాడికి కావలసింది మన కథ గొప్పదని ఇంకొకరు చెప్పడం కాదు. తనకున్న తగాదా మనవాళ్లకూ ఉందని తెలియడం.

నేను మాత్రం ఆ రాత్రి ఆల్బస్ గురించే ఆలోచించాను. తండ్రి యుద్ధమంతా తను పుట్టకముందే అయిపోయింది. అందరూ ఆ కథే చెబుతారు. మా ఇంట్లోనూ అంతే. అప్పులు, వీసా, నలుగురు కలిసి ఉన్న అపార్ట్‌మెంట్, మేము గెలిచిన ప్రతిదీ వాడికి ముందే జరిగింది. మన పిల్లలు మన ఉత్తరకాండలో పుడతారు. అడవిలో పెరిగి, తండ్రి కథను తండ్రికే పాడి వినిపించిన లవకుశుల్లాంటివాళ్లు. 'కర్స్‌డ్ చైల్డ్' పేలవంగా ఉందని మా వాడితో ఒప్పుకుంటాను. అది ఎత్తుకున్న విషయం మాత్రం పేలవమైనది కాదు, ఇంకా బాగా రాయాల్సింది.

మొల్ల ఎందుకు ఆపిందని వాడు మా అమ్మను పదేపదే అడిగాడు. "సీతమ్మను అడవికి పంపేది రాయను చేతులు రాలేదేమో నాయనా" అంది ఆమె. ఆ జవాబు వాడికి చాలలేదు. అట్లయితే సీత మాట ఎవరు చెబుతారని అడిగాడు. డాలస్ వచ్చాక ఉత్తరకాండ చదువుదామన్నాడు. శనివారాలు నేను తెలుగులో చదువుతుంటే వాడు ఆపి ఆపి అడుగుతున్నాడు. సీత భూమిలోకి వెళ్లే చోటికి ఇంకా రాలేదు. 'కర్స్‌డ్ చైల్డ్' మాత్రం ఆ ఏడు పుస్తకాల సరసన పెట్టనంటున్నాడు. నేనూ పెట్టమనలేదు.