లింకు పంపే ముందు ఆ గేర్ గుర్తు నొక్కి చూడండి

గూగుల్ డాక్స్‌లో నలుగురు కూర్చుని ఒకే ఫైలు రాస్తుంటే అక్షరాలు కలగాపులగం కావు. ఎవరు ఏ స్థానంలో ఎన్ని అక్షరాలు చేర్చారో, ఎన్ని తీసేశారో సర్వర్ లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. మీరు 20వ అక్షరం దగ్గర మార్పు చేస్తున్న క్షణంలోనే ఇంకొకరు మొదట్లో 5 అక్షరాలు చేర్చితే, మీ మార్పును 25కి జరిపి పెడుతుంది. ఒకేసారి 100 ట్యాబుల దాకా ఇది నడుస్తుంది. అది దాటితే ఓనరు, ఎడిట్ హక్కున్న కొందరు తప్ప మిగతావాళ్లు చూస్తూ ఉండాల్సిందే. కాబట్టి రాసేటప్పుడు గొడవ తక్కువే. అసలు గొడవంతా షేర్ చేసేటప్పుడు మొదలవుతుంది.

షేర్ పెట్టెలో ‘జనరల్ యాక్సెస్’ కింద ‘రిస్ట్రిక్టెడ్’ ఉంటే మీరు ఈమెయిల్ చేర్చినవాళ్లకే ఫైలు తెరుచుకుంటుంది. ‘ఎనీవన్ విత్ ద లింక్’ పెడితే లింకు ఎవరి చేతిలో పడితే వాళ్లకు తెరుచుకుంటుంది. దానికి ‘ఎడిటర్’ హక్కు కూడా తగిలించారంటే, లాగిన్ కాకుండా వచ్చినవాళ్లు జంతువుల పేర్లతో కనిపిస్తారు. సగం పేజీ చెరిపేసింది ఎవరో తర్వాత ఎంత వెతికినా తేలదు. బయటికి వెళ్లే లింకుకు ‘వ్యూయర్’ చాలు. సరిదిద్దమని ఇచ్చేవాళ్లకు ‘కామెంటర్’ ఇవ్వండి. వాళ్లు చేసే మార్పులు సూచనలుగా పక్కన నిలబడతాయి, మీరు ఒప్పుకుంటేనే పాఠంలోకి వస్తాయి. నన్నడిగితే ఎక్కువమందికి ఈ హక్కే సరిపోతుంది, ఎందుకో దీన్ని వాడేవాళ్లే తక్కువ.

అదే పెట్టెలో పైన మూల గేర్ గుర్తు ఉంటుంది. ఎడిటర్లు ఇతరులకు షేర్ చేయవచ్చు, హక్కులు మార్చవచ్చు అనే టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది. అంటే మీరు ఒకరికి ఎడిట్ ఇస్తే వాళ్లు ఇంకో పదిమందికి ఇచ్చేయగలరు. దాన్ని తీసేయండి. చూసేవాళ్లను డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకోనిచ్చే టిక్కూ అక్కడే ఉంది, దాన్ని తీసేస్తే అవి ఆగుతాయి. కానీ స్క్రీన్‌షాట్‌ను మాత్రం అది ఆపలేదు.

ఫోల్డర్ సంగతి వేరు. షేర్ చేసిన ఫోల్డర్‌లోకి ఏ ఫైలును లాగి పడేసినా ఆ ఫోల్డర్ హక్కులన్నీ దానికి అంటుకుంటాయి. జీతాల పట్టిక అందరికీ కనబడిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. హెచ్చరిక వస్తుంది, కానీ దాన్ని చదివేదెవరు?

ఫోల్డర్ ఎవరిదైనా ఫైలు మాత్రం సృష్టించినవాళ్లదే. గూగుల్ ఖాతాతో వాళ్లకు ఉచితంగా వచ్చే 15 జీబీలోనే అది చోటు తింటుంది (2021 జూన్ 1 నుంచి కొత్తగా చేసే డాక్స్, షీట్స్ కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి). ఓనర్ కానివాళ్లు ‘రిమూవ్’ కొడితే ఫైలు వాళ్ల కంటికి కనబడకుండా పోతుందంతే. ఓనర్ దాన్ని ట్రాష్‌లో వేస్తే 30 రోజుల తర్వాత అందరికీ పోతుంది. అందుకే ఎవరైనా వెళ్లిపోయేలోపు ఓనర్‌షిప్ మార్పించుకోవాలి. సొంత ఖాతాల మధ్యైతే అవతలివాళ్లు మెయిల్‌లో వచ్చిన అభ్యర్థనను ఒప్పుకునేదాకా పాత ఓనరే కొనసాగుతారు. ఆఫీసు ఖాతా నుంచి సొంత ఖాతాకు ఇలా మార్చడం కుదరదు, కాపీ చేసుకోవాల్సిందే. కాపీకి పాత వెర్షన్ హిస్టరీ (ఎప్పుడు ఏం మారిందో చూపే చిట్టా) రాదు. కామెంట్లు కూడా కాపీ చేసేటప్పుడు టిక్కు పెడితేనే వస్తాయి. సంస్థలో పనిచేసేవాళ్లైతే మొదటినుంచీ షేర్డ్ డ్రైవ్‌లో పెట్టుకోవడం మేలు. అక్కడ ఫైలు సంస్థది, మనుషులు మారినా కదలదు.

ఎవరో ఏదో చెరిపేశారనుకోండి. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కితే వెర్షన్ హిస్టరీ తెరుచుకుంటుంది. కంగారులో ‘రీస్టోర్’ కొట్టకండి, ఆ తర్వాత మిగతావాళ్లు రాసిందంతా తెరమీద నుంచి వెనక్కి పోతుంది. హిస్టరీలో అది భద్రంగానే ఉంటుంది, కానీ రాసినవాళ్ల గుండె జారుతుంది. పాత వెర్షన్‌ను తెరిచి, పోయిన పేరాను మాత్రం కాపీ చేసి ఇప్పటి పాఠంలో అతికించండి. పెద్ద మార్పులకు ముందు అప్పటి వెర్షన్‌కు ఒక పేరు పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించిన పీడీఎఫ్ లాంటి ఫైళ్లకు ఈ వెసులుబాటు లేదు. వాటి పాత వెర్షన్లు 30 రోజులకో, 100 వెర్షన్లు దాటాకో పోతాయి. ‘కీప్ ఫరెవర్’ పెట్టినవి మాత్రం నిలుస్తాయి.

గూగుల్ షీట్స్‌లో (లెక్కల పట్టికల్లో) తరచూ తగువు తెచ్చేది ఫిల్టర్. మీరు మామూలు ఫిల్టర్ పెడితే అందరి తెరమీదా వరుసలు మాయమవుతాయి. డేటా మెనూలోంచి ‘ఫిల్టర్ వ్యూ’ చేసుకోండి, అది మీ చూపు వరకే. షీట్ దాచిపెట్టడాన్ని భద్రత అనుకోవద్దు. ఎడిటర్ ఎవరైనా దాన్ని బయటికి తీయగలరు, కాపీ చేసుకోగలిగినవాళ్లూ తీయగలరు.

ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే ఇంకో సేవ డ్రాప్‌బాక్స్. దాని ఫోల్డర్‌లో పెట్టిన ఫైలును ఇద్దరు తమతమ కంప్యూటర్లలో ఒకేసారి తెరిచి సేవ్ చేస్తే ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అనే పేరుతో రెండో ఫైలు పుడుతుంది. అక్కడ జరిగేది సింక్ (ఫైలును అన్ని కంప్యూటర్లకూ చేరవేయడం), కలిసి రాయడం కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చేత్తో కలుపుకోవాలి. వర్డ్‌లో అప్పటికప్పుడు కలిసి రాయాలంటే ఫైలు మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలైన వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండి, ఆటోసేవ్ ఆన్‌లో ఉండాలి.

గూగుల్ డాక్స్‌లో నెట్ లేకుండా రాసుకునే ఆఫ్‌లైన్ సౌకర్యాన్ని నెట్ ఉన్నప్పుడే ఆన్ చేసి పెట్టుకోవాలి. అది బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో (చరిత్ర దాచుకోని) కిటికీలో పనిచేయదు. నెట్ వచ్చాక మీ మార్పులు వాటంతటవే కలుస్తాయి. కానీ అదే పేరాను ఈలోగా ఇంకొకరు దిద్ది ఉంటే రెండూ కలిసి అర్థంలేని వాక్యం తయారవుతుంది, ఏ హెచ్చరికా రాదు. నెట్ లేనప్పుడు పాత పేరాల జోలికి పోకుండా కింద కొత్త పేరాగా రాసి, నెట్ వచ్చాక పైకి జరుపుకోండి.