ఎడమ బ్రాకెట్ పై కన్నం నాలుగోసారీ వదిలేసింది

విజయనగరంలో మా తాతగారి నాటి ఇల్లు, సున్నంతో కట్టిన ఇటుక గోడ. దానికి నాలుగడుగుల టేకు పుస్తకాల అర తగిలిస్తున్నా. కుడి బ్రాకెట్ మొదటి రోజే బిగిసింది, దాని సంగతి అంతే. ఎడమదాని పై కన్నమే ప్రాణం తీస్తోంది. పక్కకి జరుపుదామంటే కిటికీ అడ్డం.

అంత బరువు కూడా కాదు. పుస్తకాలతో కలిపి 50 కేజీలు, ఆ బరువు గోడకి 15 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది, పై స్క్రూ నుంచి బ్రాకెట్ కింది అంచుకి 25 సెంటీమీటర్లు. అంటే పై స్క్రూలని బయటికి లాగేది మొత్తం 30 కేజీలు, ఒక్కోదానికి 15. గట్టి ఇటుకలో దిగిన ప్లగ్ (స్క్రూ పట్టుకోడానికి కన్నంలో దూర్చే గొట్టం) దీన్ని సులువుగా ఆపాలి.

మొదట 40 ఎంఎం ప్లగ్ వేశా. ఊడొచ్చాక పుల్ల పెట్టి కొలిస్తే ప్లాస్టరింగే 28 ఎంఎం ఉంది! ఇటుకలో దిగింది 12 మాత్రమే, ప్లాస్టరింగ్ ఏమీ మోయదు. రెండోసారి 10 సైజు, 80 ఎంఎం ఫిషర్ నైలాన్ ప్లగ్ (నాకు నచ్చినవి ఇవే, పేరులేని తెల్ల ప్లగ్గులు స్క్రూతో పాటే తిరిగిపోతాయి). డ్రిల్లు హ్యామర్‌లో (కొడుతూ తిరిగే పద్ధతిలో) పెట్టడంతో కన్నం 13 ఎంఎం అయిపోయింది. పైగా 28 ఎంఎం దాటాక ఎర్రపొడి రావాలి, తెల్లగానే రాలింది. రెండు ఇటుకల మధ్య సున్నం సందులో పడ్డానన్నమాట.

మూడోసారి బ్రాకెట్‌కి 4 సెంటీమీటర్లు పైన ఇంకో కన్నం వేసి, ఇనప యాంకర్ బోల్ట్ పెట్టా. పొడి ఎర్రగానే వచ్చింది, కానీ బిగిస్తుంటే టిక్కుమని ఇటుక చీలింది. కాంక్రీటు బీముకి దాన్ని మించింది లేదు, పాత ఇటుకలో మాత్రం వద్దే వద్దు, అది లోపల ఉబ్బి ఇటుకని తోసేస్తుంది.

నాలుగోసారి తాపీమేస్త్రి మాట విని పాత కన్నంలోనే సిమెంటు పూసిన చెక్కమేకు కొట్టా. వారం ఆగి 20 లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీస్తే 40 నిమిషాల్లో 3 ఎంఎం జారింది. తడి సిమెంటులో ఉబ్బిన చెక్క ఆరాక కుంచించుకుపోయి ఉంటుందని నా అనుమానం.

ఇక కెమికల్ యాంకరే, అంటే కన్నంలో జిగురు మందు నింపి రాడ్డుని అతికించడం. 16 ఎంఎం జాలీ గొట్టం, 8 ఎంఎం రాడ్డు, హ్యామర్ లేకుండా డ్రిల్లింగ్. ఊది, బ్రష్ కొట్టి, మళ్లీ ఊది, పొడి పూర్తిగా పోయాకే మందు ఎక్కిస్తా. మర్నాటి దాకా ముట్టుకోను. ఇది నిలిస్తే అదే పద్ధతిలో బాత్రూంలో 15 లీటర్ల గీజరు. అక్కడి ప్లాస్టరింగ్ మందం ముందే కొలవాలి.